డిజిటల్ సిటిజన్‌షిప్ నేర్పడానికి ఏ టూల్స్ వాడాలి? గదికో తెర చాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్ ఒకరు ఇక్కడ అడిగారు: ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వెబ్ టూల్స్‌తో పాఠాలు చెబుతూ డిజిటల్ సిటిజన్‌షిప్ (నెట్‌లో బాధ్యతగా మెలగడం) కూడా నేర్పాలంటే ఏవి మంచివి, కహూట్ (క్విజ్ ఆట), ప్యాడ్‌లెట్ (అందరూ రాసే ఆన్‌లైన్ బోర్డు), కాన్వా (పోస్టర్లు చేసేది) సరిపోతాయా అని.

నేను ప్రకాశం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతాను. నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. ఆ మూడూ లేకపోయినా పని జరుగుతుంది. కహూట్ అయితే ఈ పనికి అడ్డం కూడా. అందులో సరైన జవాబు ఎంత తొందరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. పిల్లలకు భలే సరదా, కాదనను. కానీ చూడగానే నొక్కేసే అలవాటు వల్లే కదా ఇళ్లల్లో పెద్దవాళ్లు వచ్చిన ప్రతి ఫార్వర్డునూ ఇంకో మూడు గ్రూపుల్లో పడేస్తున్నారు? ఆ అలవాటుకే క్లాసులో పాయింట్లు ఇచ్చి, తర్వాతి పీరియడ్‌లో "ఆలోచించి షేర్ చెయ్యండి" అని చార్టు మీద రంగులు వేయిస్తే ఎవరికి లాభం? చార్టులు అమ్మే షాపుకు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. పిల్లాడికో ట్యాబ్ ఇవ్వడం కంటే గదికి ఒక పెద్ద తెర ఉండటమే మేలు. ట్యాబ్ చేతికిస్తే ఎవడి లోకం వాడిది. ఒకే తెర ఉంటే టీచర్ ఏం టైప్ చేసింది, ఏది తెరిచింది, ఎక్కడ ఆగింది అందరూ చూస్తారు. వెతకడం అనేది చూసి నేర్చుకునే పని. ఏపీలో బడుల బాగు కోసం పెట్టిన నాడు-నేడు పథకంలో వచ్చిన ప్యానెల్స్‌ను (పెద్ద టచ్ తెరలను) చాలాచోట్ల వీడియోలు వేయడానికే వాడుతున్నారు. అవి వెతకడానికి వాడాలి.

మా తొమ్మిదో తరగతిలో జరిగింది చెబితే మీకు సులువుగా అర్థమవుతుంది. దీపావళి అయిపోయి స్కూలు తెరిచాం. జనాభా పాఠం నడుస్తోంది. జనం ఎక్కువున్న చోట రాత్రిపూట వెలుగు ఎక్కువ కనిపిస్తుందని చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "మేడమ్, దీపావళి రోజు ఇండియా మొత్తం రంగురంగులుగా వెలిగిపోద్దంట. నాసా వాళ్లు పైనుంచి ఫొటో తీశారు. మా నాన్న ఫోన్లో ఉంది."

ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు. నల్లటి చీకట్లో దేశం పటం, దాని నిండా తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు చుక్కలు. బోనస్ వచ్చినా రాకపోయినా ఏటా దీపావళికి ఈ ఫొటో మాత్రం ఠంచనుగా వస్తుంది.

అది తప్పురా, కూర్చో అని పాఠంలోకి వెళ్లిపోవచ్చు. అప్పుడు వాడు నేర్చుకునేది ఏంటి? నాన్న మాట బదులు మేడమ్ మాట నమ్మాలని. అందుకే వాళ్ల నాన్నను నా నంబరుకు పంపమని చెప్పమన్నాను. ఆ రాత్రే వచ్చింది, వెనకాలే రెండు దణ్ణం బొమ్మలు. ఫొటో పైన జంట బాణాల గుర్తు ఉంది. అయిదు, అంతకంటే ఎక్కువ చేతులు మారి వచ్చిన మెసేజీకి వాట్సాప్ ఆ గుర్తు వేస్తుంది. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. మొదటి పాఠం ఆ బాణాలే. ఏళ్ల తరబడి వాట్సాప్ వాడుతున్న మా స్టాఫ్‌రూమ్‌లో వాటి అర్థం తెలిసినవాళ్లు తక్కువ.

మర్నాడు ఫొటో ప్యానెల్ మీద పెట్టాను. నెట్ నా ఫోన్ హాట్‌స్పాట్‌దే. స్కూలు నెట్ సంగతి అడగకండి, రాస్తే జవాబు అంతా అదే అవుతుంది. ముందు దేన్నీ వెతకలేదు. బాగా చూసి ఏమేం కనిపిస్తున్నాయో చెప్పమన్నాను. ఒకమ్మాయి అడిగింది: "దీపాలు పసుప్పచ్చగా కదా ఉంటాయి మేడమ్, ఇవేంటి నీలంగా, ఆకుపచ్చగా ఉన్నాయి?" చిచ్చుబుడ్లు అయ్యుంటాయిలే అన్నాడు ఒకడు. "చిచ్చుబుడ్డి నిమిషంలో అయిపోద్ది కదా, దేశమంతా ఒకేసారి అంటించారా?" అంది ఆ అమ్మాయి. నా దృష్టిలో సగం పని అక్కడే అయిపోయింది, ఇంకా ఒక్క టూలూ తెరవకుండానే.

తర్వాత గూగుల్ లెన్స్‌లో వేశాం, ఫొటో ఇస్తే అలాంటివి నెట్‌లో ఎక్కడున్నాయో అది వెతికిపెడుతుంది. ముందు వరసలో వచ్చినవన్నీ అదే కథ చెప్పే పేజీలు. "చూశారా మేడమ్, అన్నిట్లో అదే ఉంది" అని మావాడు కాలరెగరేశాడు. నాకు కావలసిందీ అదే. ఆ పేజీలు ఒక్కొక్కటీ తెరిచి చదివించాను. వాక్యాలు అవే, చివర్లో ఆశ్చర్యార్థకాలు కూడా అవే. ఒకడి పేపర్ చూసి పదిమంది రాస్తే అవి పది జవాబులా, ఒక్కటా అని అడిగాను. ఈ విషయంలో వాళ్ల అనుభవం నాకంటే ఎక్కువ కాబట్టి వెంటనే అర్థమైంది, నవ్వేశారు.

నాసా పేరు చెబుతున్నారు కదా, నాసా దగ్గరికే వెళ్దాం పదండి అన్నాను. ఎర్త్ అబ్జర్వేటరీ అని వాళ్లకో సైట్ ఉంది. 2012లోనే ఈ ఫొటో గురించి అందులో రాశారు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేస్తే వచ్చిన తెలుగు చదివి ఇంకా అయోమయంలో పడ్డాం. చివరికి ఇద్దరు పిల్లలు ఇంగ్లిష్‌లో వాక్యం వాక్యం చదివారు, అందరం కలిసి అర్థం చెప్పుకున్నాం. విషయం ఏంటంటే, అది అసలు ఒక రాత్రి తీసిన ఫొటో కాదు. అమెరికా రక్షణ శాఖ వాతావరణ ఉపగ్రహాల డేటాను కలిపి, నోవా అనే అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థలోని శాస్త్రవేత్త 2003లో తయారు చేసిన పటం. 1992కు ముందు నుంచీ ఉన్న వెలుగు తెలుపు, 1992లో కనిపించింది నీలం, 1998లో ఆకుపచ్చ, 2003లో ఎరుపు. జనాభా ఎలా పెరిగిందో చూపించడానికి వేసిన రంగులవి. మేం చదువుతున్న పాఠం కూడా అదే! ఎర్ర చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో, అక్కడ అంతకుముందు ఎందుకు లేవో మాట్లాడుకుంటూ పుస్తకం తెరవకుండానే సగం పాఠం అయిపోయింది.

అదే పేజీలో సువోమీ ఎన్‌పీపీ ఉపగ్రహం 2012 నవంబర్ 12 రాత్రి తీసిన అసలు చిత్రం ఉంది. మామూలు రాత్రిలాగే ఉంటుంది. దీపావళికి అదనంగా వచ్చే వెలుగు అంతరిక్షం నుంచి బహుశా గుర్తుపట్టలేనంత స్వల్పమని కింద రాశారు. క్లాసు మొత్తం డీలా పడిపోయింది. "అంటే మన దీపావళి వాళ్లకు కనపడదా మేడమ్?"

దాన్ని కూడా అక్కడ వదల్లేదు. ఆ ఉపగ్రహం మన నెత్తి మీదుగా వెళ్లేది రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో. ఆ టైముకు ఎవరింటి గుమ్మంలో ప్రమిద వెలుగుతుంటుంది? క్రిస్మస్, న్యూ ఇయర్ రోజుల్లో అమెరికా నగరాల్లో వెలుగు 20 నుంచి 50 శాతం పెరుగుతోందని ఇదే ఉపగ్రహం డేటాతో నాసా 2014లో చెప్పింది. రంజాన్ నెలలో మధ్యప్రాచ్యంలోని కొన్ని నగరాల్లోనూ పెరుగుతుందట. వాళ్లు వారాల తరబడి తెల్లవార్లూ లైట్లు వేస్తారు, మనం రెండు గంటల్లో కాల్చేసి పడుకుంటాం. ఇది నా లెక్క, పిల్లలూ ఒప్పుకున్నారు. "పోన్లెండి మేడమ్, వాళ్ల కరెంటు బిల్లు వాళ్లు కట్టుకుంటారు" అన్నాడు ఒకడు.

అసలు పాఠం బెల్లు కొట్టేముందు మొదలైంది. "గ్రూపులో పెట్టెయ్యనా మేడమ్, ఇది ఫేక్ అని?" అన్నాడు ఫొటో తెచ్చినవాడు. ఏ గ్రూపురా అంటే వాళ్ల కుటుంబం గ్రూపు. అందులో పెదనాన్నలు, మేనమామలు, నాయనమ్మ అందరూ ఉన్నారు. నలుగురిలో నాన్న పరువు తీస్తావా అని ఆడపిల్లలు వాడి మీద పడ్డారు. ఒకడేమో నిజం చెప్పడానికి పరువేంట్రా అన్నాడు. చాలాసేపు గొడవపడి వాళ్లే తేల్చుకున్నారు: పంపినవాళ్లకు విడిగా చెప్పాలి, "అబద్ధం" అని మొదలుపెట్టకుండా "నాన్నా, ఇది నీకు ఎవరు పంపారు?" అని అడగాలి, నాసా పేజీ లింకు కూడా ఇవ్వాలి. డిజిటల్ సిటిజన్‌షిప్ మీద నేను చూసిన మెటీరియల్ అంతా బయటినుంచి తెచ్చి దించిందే. రిపోర్ట్ చెయ్యి, బ్లాక్ చెయ్యి అంటుంది. పంపింది మేనమామ అయితే ఏం చెయ్యాలో ఒక్క స్లైడులోనూ లేదు. మన పిల్లలకు రోజూ ఎదురయ్యేది మేనమామే.

ఆ తర్వాత పేరెంట్స్ మీటింగ్‌కు ఆ నాన్న వచ్చాడు. "ఫొటో తప్పంట గదా మేడమ్. పోన్లెండి, చూడ్డానికి బాగానే ఉంది" అన్నాడు. అలిగినట్టేం లేదు. ఏది చూపించినా ఎవరు పంపారు, ఎప్పటిది అని కొడుకు ప్రాణం తీస్తున్నాడట.

దీపావళి ఫొటో వల్ల ఎవరికీ నష్టం లేదు కదా, ఇంత అవసరమా అని మా స్టాఫ్‌రూమ్‌లో అన్నారు. నష్టం లేనిదాని మీదే అలవాటు చెయ్యాలి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వచ్చారన్న వాట్సాప్ పుకార్లతో చాలా రాష్ట్రాల్లో అమాయకుల్ని కొట్టి చంపారు. అప్పుడు గద్వాలలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లలోకి పంపి, జానపద పాటలు పాడించి మరీ ప్రచారం చేయించారు. కేరళలో కన్నూరు కలెక్టర్ టీకా మీద పుట్టిన పుకార్లు చూసి, సుమారు 150 ప్రభుత్వ బడుల్లో పిల్లలకు ఫేక్ న్యూస్ మీద క్లాసులు పెట్టించారు. ఎవరూ ట్యాబుల కోసం ఎదురుచూడలేదు.

ఇంకో టూల్ చెప్పమంటే తెలుగు వికీపీడియా. చదివించడానికి కాదు, "చరిత్ర" అని ఉన్నచోట నొక్కి చూపించడానికి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అంతా అక్కడుంటుంది. మన ఊళ్లలో చాలావాటికి 2011 జనాభా లెక్కల ఆధారంగా రాసిన పేజీలున్నాయి. మావాళ్లు తమ ఊరి పేజీ తెరిచారు. ఒక ఘనుడు ఇంటికెళ్లి "ప్రముఖులు" అని పెట్టి కింద తన పేరు రాసుకున్నాడు. ఎవరో తీసేశారు. చరిత్రలో అది ఇప్పటికీ కనిపిస్తోంది. నెట్‌లో పెట్టింది చెరిగిపోదు అని నేను గంటసేపు చెప్పినా రాని జ్ఞానం వాడికి అలా వచ్చింది.

ఇక నా కడుపుమంట. పిల్లలకు ప్రైవసీ గురించి పాఠం చెప్పమంటారు. అదే రోజు వాళ్లు అన్నం తింటున్న ఫొటో, బెంచీల మీద కూర్చున్న ఫొటో, చేతులు కడుక్కుంటున్న ఫొటో తీసి పెట్టమంటారు. తర్వాత అవి నాలుగు గ్రూపుల్లో తిరుగుతాయి. తక్కువ మార్కులు వచ్చినవాళ్ల లిస్టు కూడా పేర్లతో సహా గ్రూపులో పడుతుంది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేసింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ పిల్లని ఎవరైనా ఒక్క మాట అడిగారా? మేం ఇప్పుడు అడుగుతున్నాం. వద్దన్నవాళ్లు ఫ్రేములో లేకుండా పక్కకు నిలబడతారు. అలా అడగడం మొదలుపెట్టాక పిల్లలు కూడా ఒకరి ఫొటో ఒకరు పెట్టేముందు అడుగుతున్నారు. ట్రైనింగుల్లో ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ కలిపినా ఈ ఒక్క పనికి సాటిరావు.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలంటే, మీ ఊరి గ్రూపుల్లో ఈ వారం తిరుగుతున్న ఫొటో ఒకటి పట్టుకోండి. రాజకీయాలది, కులం మతం తగిలేది మొదట్లో వద్దు, ఊళ్లోవాళ్లు మీ మీదికి వస్తారు. ఏఐతో చేసిన బొమ్మలకు లెన్స్‌లో అసలు ఫొటో దొరకదు, ఉంటే కదా దొరికేది! వాటిని కొన్నాళ్ల తర్వాత ముట్టుకోండి. ప్యానెల్ మీద వాట్సాప్ వెబ్ తెరిస్తే క్లాసు అవ్వగానే లాగౌట్ చెయ్యడం మాత్రం మరిచిపోకండి. తర్వాతి పీరియడ్ లెక్కల సార్‌ది అయితే మరీను.