ఫ్లోరైడ్ లేకుండా టిన్-బీటా: అసలు లెక్క నైట్రిక్ యాసిడ్ దగ్గరే

మీరు అడిగింది ఇది: హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ జోలికి పోకుండా పది గ్రాముల టిన్-బీటా జియోలైట్ (సన్నటి రంధ్రాలున్న సిలికా చట్రంలో అక్కడక్కడా టిన్ కూర్చున్న ఉత్ప్రేరకం) చేసుకోవాలి, ఆ పద్ధతి నిజంగా 'గ్రీన్' అనిపించుకోవాలి. చేయొచ్చు. కానీ ఫ్లోరైడ్ తీసేసినంత మాత్రాన పని గ్రీన్ అయిపోదు, ముందు లెక్క వేసుకోండి.

2001లో రసాయన శాస్త్రవేత్త అవెలినో కోర్మా బృందం చూపిన పద్ధతిలో సిలికా జెల్‌కి టెట్రాఇథైల్ అమ్మోనియం హైడ్రాక్సైడ్, టిన్ క్లోరైడ్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కలిపి 140 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఆటోక్లేవ్‌లో ఉంచుతారు. ఒక మోల్ సిలికాకి 0.54 మోల్ ఫ్లోరైడ్ పడుతుంది. పది గ్రాములకి అది సుమారు 1.8 గ్రాములే. అంటే అక్కడ బరువు సమస్య కాదు. ఆ యాసిడ్ విషగుణం, వారాల వేడి, చివర్లో కాల్చి పారేసే ఖరీదైన టెంప్లేట్ (రంధ్రాలకి ఆకారమిచ్చే ఆ టెట్రాఇథైల్ అమ్మోనియం), ఇవీ సమస్యలు.

దీనికి ప్రత్యామ్నాయం, మార్కెట్లో దొరికే అల్యూమినియం బీటా తీసుకుని అల్యూమినియం కడిగేసి, ఆ ఖాళీల్లో టిన్ కూర్చోబెట్టడం. 2012లో హమండ్, హెర్మన్స్‌ల బృందం టిన్ అసిటేట్‌ని పొడి మీదే నూరి ఈ పని చేసింది. ద్రావకం అక్కర్లేదు, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. అల్యూమినియం తీసే దశకి మాత్రం గ్రాముకి 20 మి.లీ. చొప్పున 13 మోలార్ నైట్రిక్ యాసిడ్ వాడారు. పది గ్రాములకి 200 మి.లీ., అంటే ద్రావణం బరువే 270 గ్రాములకు పైనే. ఇది చూడకుండా 'గ్రీన్' అని పేరు పెట్టేసే వాళ్లే ఎక్కువ.

ఆ యాసిడ్‌లో ఎంత ఖర్చవుతుందో చూడండి. సిలికాన్, అల్యూమినియం నిష్పత్తి 12.5 ఉన్న బీటాలో గ్రాముకి సుమారు 1.2 మిల్లీమోల్ అల్యూమినియం ఉంటుంది. ఒక్కో అల్యూమినియం పరమాణువు బయటికి రావడానికి మూడు ప్రోటాన్లు కావాలి. పది గ్రాములకి మొత్తం 37 మిల్లీమోల్. మీరు పోసేది 2600. ఒకటిన్నర శాతం కూడా ఖర్చు కాదు! అందుకే మొదటి వడపోత ద్రవాన్ని కడిగిన నీళ్లలో కలపకుండా విడిగా గాజు సీసాలో పట్టుకుని, తర్వాతి బ్యాచ్‌కి వాడుకోవాలి. ఎన్నిసార్లు వాడొచ్చన్నది మీ ఐసీపీ (మూలకాల మోతాదు కొలిచే పరీక్ష) ఫలితం చెబుతుంది: సిలికాన్-అల్యూమినియం నిష్పత్తి 1000 దాటుతున్నంత వరకూ సరే. కొత్త యాసిడ్ పోసేటప్పుడు కూడా గ్రాముకి 10 మి.లీ.తో మొదలుపెట్టి చూడండి, కలియబెట్టడానికి అది చాలు. నన్నడిగితే గాఢత తగ్గించడం కంటే ఘనపరిమాణం తగ్గించడమే మేలు.

ఇక పని. మీ దగ్గరున్నది అమ్మోనియం రూపమైతే ముందే 550 డిగ్రీల్లో కాల్చి హైడ్రోజన్ రూపంలోకి తెచ్చుకోండి. లేకపోతే మళ్లీ మళ్లీ వాడే యాసిడ్‌లో అమ్మోనియం నైట్రేట్ పేరుకుంటుంది. ఆ ద్రవం ఎక్కడైనా ఎండిపోతే పేలుడు పదార్థంతో సమానం. 20 మి.లీ. నీళ్లలోకి 180 మి.లీ. 65 శాతం నైట్రిక్ యాసిడ్ నెమ్మదిగా పోస్తే 13 మోలార్ వస్తుంది (సగం ఘనపరిమాణానికి ఇందులో సగం). ఫ్యూమ్ హుడ్‌లో, కండెన్సర్ పెట్టిన గుండ్రటి ఫ్లాస్కులో, 100 డిగ్రీల్లో 20 గంటలు. చల్లారాక వడకట్టండి. బీటా కణాలు సన్నవి, సింటర్డ్ గాజు గరాటు పూడుకుపోతే సెంట్రిఫ్యూజ్ నయం. కడిగేటప్పుడు ధారగా నీళ్లు పోస్తూ కూర్చోకండి. కొంచెం వేడినీళ్లలో కలిపి, వేరుచేసి, మళ్లీ కలపడం, ఇలా నాలుగైదు సార్లు చేస్తే చాలా తక్కువ నీటితో తటస్థానికి వస్తుంది. త్వరగా ఆరుతుందని ఇథనాల్‌తో మాత్రం కడగొద్దు. గాఢ నైట్రిక్ యాసిడ్, ఆల్కహాల్ కలిస్తే ఫ్లాస్కు చేతిలో ఉండదు. 110 డిగ్రీల్లో రాత్రంతా ఆరబెట్టండి.

టిన్ బరువులో రెండు శాతంతో మొదలుపెట్టండి. పది గ్రాముల పొడికి 0.41 గ్రాముల టిన్(II) అసిటేట్. ఖాళీలన్నీ నింపితే లెక్క ప్రకారం 13 శాతం దాకా పడుతుంది గానీ, టిన్ మోతాదు పెరిగేకొద్దీ పనికిరాని టిన్ ఆక్సైడ్ పోగవుతుంది. కల్వంలో పది నిమిషాలు గట్టిగా నూరండి. ఈ అసిటేట్ గాలికీ తేమకీ చెడిపోతుంది కాబట్టి సీసా నైట్రోజన్ కింద ఉంచాలి.

చాలామందికి దెబ్బతినేది ఫర్నేస్ దగ్గర. నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 550కి తీసుకెళ్లి, మూడు గంటలు నైట్రోజన్, ఆ తర్వాత మూడు గంటలు గాలి. మొదటే గాలి పెట్టకూడదు. టిన్ అసిటేట్ 180 డిగ్రీల దగ్గర కరుగుతుంది. జడవాయువులో అది రంధ్రాల్లోకి పాకి సిలనాల్ గుంపులతో (అల్యూమినియం పోయిన ఖాళీల్లో మిగిలే సిలికాన్-హైడ్రాక్సిల్ జతలు) కలవడానికి వ్యవధి దొరుకుతుంది. గాలిలో అయితే అసిటేట్ ఉన్నచోటే మండి టిన్ ఆక్సైడ్ రేణువైపోతుంది. పొడిని పలుచటి పొరగా పరచండి. లోతైన క్రూసిబుల్‌లో కుప్పగా పోస్తే అడుగుకి గాలి అందదు.

పరీక్షకి ఎక్స్‌రే డిఫ్రాక్షన్ ఒక్కటే నమ్ముకోవద్దు. 26.6 డిగ్రీల కోణం (2θ) దగ్గర టిన్ ఆక్సైడ్ శిఖరం కనబడకపోయినా చిన్న గుంపులు ఉండొచ్చు. యూవీ-విజిబుల్ రిఫ్లెక్టెన్స్‌లో చట్రంలో కూర్చున్న టిన్ 200-220 నానోమీటర్ల దగ్గర, ఆక్సైడ్ 280 పైన కనిపిస్తాయి. నమూనా తేమగా ఉంటే మధ్యలో 250 దగ్గర భుజంలా ఒకటి లేస్తుంది. దాన్ని చూసి బ్యాచ్ పాడైందనుకోకండి, ఆరబెట్టి మళ్లీ తీయండి. ఇన్‌ఫ్రారెడ్‌లో 3500 సెం.మీ⁻¹ దగ్గరి వెడల్పాటి సిలనాల్ పట్టీ టిన్ చేరాక తగ్గాలి. అసలు తగ్గలేదంటే టిన్ బయటే ఉండిపోయింది.

పనితీరుకి గ్లూకోజ్ పరీక్ష సులువు: గ్లూకోజ్ ఎంత ఫ్రక్టోజ్‌గా మారిందో చూడటం. పది గ్రాముల 10 శాతం గ్లూకోజ్ ద్రావణానికి 0.66 గ్రాముల ఉత్ప్రేరకం (టిన్, గ్లూకోజ్ మోల్ నిష్పత్తి 1:50), మూత బిగించిన గొట్టంలో 110 డిగ్రీలు, 30 నిమిషాలు. ఫ్లోరైడ్ పద్ధతి టిన్-బీటాతో 2010లో వచ్చినది 46 శాతం మారకుండా మిగిలిన గ్లూకోజ్, 31 ఫ్రక్టోజ్, 9 మానోజ్. మీది అంత రాకపోవచ్చు, కంగారుపడొద్దు. ఫ్లోరైడ్‌లో పెరిగిన స్ఫటికంలో లోపాలు తక్కువ, నీటిని దూరంగా ఉంచుతుంది. మీ దాంట్లో నిండని ఖాళీలు నీటిని పట్టుకుంటాయి. మీ పని నీటిలోనే అయితే ఈ తేడా ముందే ఒప్పుకోవాలి. మెథనాల్‌లో చక్కెరల నుంచి మిథైల్ లాక్టేట్ చేయడానికైతే ఈ పద్ధతినే ఎంచుకోండి, ఫ్లోరైడ్ కోసం వెతకొద్దు.