క్రంచెస్ చేసినా పొట్ట కరగదేం?

ప్రశ్న: వయసు 42. కూర్చుని చేసే ఉద్యోగం. రోజూ వంద క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపే వ్యాయామం) చేస్తున్నా. రాత్రి అన్నం మానేసి చపాతీలే తింటున్నా. అయినా పొట్ట తగ్గట్లేదు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: క్రంచెస్‌తో పొట్ట కండరాలు గట్టిపడతాయి గానీ, వాటి మీదున్న కొవ్వు కరగదండీ. ఒంట్లో మొత్తం కొవ్వు తగ్గితేనే పొట్టా తగ్గేది. ఇక చపాతీలంటారా, నూనె వేసి కాల్చినవి మూడు, పక్కన ఆలూ వేపుడు ఉంటే, మీరు మానేసిన అన్నం కంటే కేలరీలు ఎక్కువే! వండిన అన్నం 150 గ్రాములకు సుమారు 200 కేలరీలు. పూటకు అంతే పెట్టుకుని, కూర రెట్టింపు చేయండి. గట్టి పప్పో, రెండు గుడ్లో తప్పనిసరి. నూనె చెంచాతో కొలిచి పోయండి. 5 మి.లీ.కే సుమారు 40 కేలరీలు. సాయంత్రం మిక్చర్, చక్కెర టీలు కూడా లెక్కలోవే.

వారానికి ఐదు రోజులు 40 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడవండి. మరో రెండు రోజులు గుంజీలు, గోడ పుషప్‌లు పన్నెండేసి చొప్పున మూడు విడతలు.

రెండు వారాలకోసారి పరగడుపున, ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య టేపుతో కొలవండి. మగవారికి 90 సెం.మీ. దాటకూడదు. షుగర్ మాత్రలు వాడుతుంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే అన్నం తగ్గించండి.