టెస్టులు ఫెయిలైనా డిప్లాయ్ ఎలా అయింది?

ప్రశ్న: మా వెబ్‌సైట్ కోసం గిట్‌హబ్ యాక్షన్స్‌లో (ఇలాంటి పనుల్ని వాటంతటవే నడిపించే సర్వీసు) బిల్డ్ (కోడ్ నుంచి సైట్ ఫైళ్లు తయారుచేయడం), టెస్ట్, డిప్లాయ్ (సైట్‌ను ఆన్‌లైన్‌లో పెట్టడం) అని మూడు జాబ్‌లు వరసగా రాశాను. ఒకరోజు టెస్టులు ఫెయిలయ్యాయి, అయినా సైట్ డిప్లాయ్ అయిపోయింది. తర్వాత టెస్ట్ పాసయ్యాకే నడవాలని డిప్లాయ్‌కి ‘నీడ్స్: టెస్ట్’ అని పెట్టాను. డిప్లాయ్‌లో మళ్లీ బిల్డ్ ఎందుకని ఆ బిల్డ్ లైన్ తీసేశాను. ఇప్పుడు బిల్డ్‌లో తయారైన ఫైళ్లుండే ‘డిస్ట్’ ఫోల్డరే లేదంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ జాబ్‌లు రాసుకునే యామల్ ఫైల్లో పైన రాసింది ముందు, కింద రాసింది తర్వాత నడుస్తుందని చాలామంది అనుకుంటారు. ఒక జాబ్ లోపలి స్టెప్పులకైతే అది నిజమే. జాబ్‌లు అలా కాదు, మనం చెప్పకపోతే అన్నీ ఒకేసారి మొదలవుతాయి. మీ టెస్టులు ఇంకా నడుస్తుండగానే డిప్లాయ్ తన పని కానిచ్చేసింది. ‘నీడ్స్’ పెట్టి మంచి పని చేశారు, కాకపోతే అందులో బిల్డ్, టెస్ట్ రెండూ రాయండి.

ఇక ఫోల్డర్ సంగతి. ‘నీడ్స్’ ఎవరి తర్వాత ఎవరో చూస్తుందే తప్ప ఫైళ్లు మోయదు. గిట్‌హబ్ ఇచ్చే రన్నర్ల (జాబ్‌లు నడిచే మెషీన్ల) మీద ప్రతి జాబ్‌కీ కొత్త మెషీన్. బిల్డ్ పూర్తవగానే ఆ మెషీన్‌తోపాటే మీ డిస్ట్ కూడా పోయింది. బిల్డ్ చివర ఫైళ్లను గిట్‌హబ్‌లో దాచే ‘అప్‌లోడ్-ఆర్టిఫ్యాక్ట్’, డిప్లాయ్ మొదట్లో వాటిని తెచ్చుకునే ‘డౌన్‌లోడ్-ఆర్టిఫ్యాక్ట్’ పెట్టండి. ఇక్కడో తిరకాసుంది. డిస్ట్‌ను అప్‌లోడ్ చేస్తే లోపలి ఫైళ్లే వెళ్తాయి, ఫోల్డర్ వెళ్లదు. డౌన్‌లోడ్ దగ్గర ‘పాత్: డిస్ట్’ అని మళ్లీ రాయకపోతే ఫైళ్లన్నీ బయటే పడతాయి, మీకు మళ్లీ అదే ఎర్రర్. పాత వీడియోలు చూసి ఈ అప్‌లోడ్, డౌన్‌లోడ్‌ల 3వ వెర్షన్ కాపీ చేయకండి, గిట్‌హబ్ 2025 జనవరి 30తో దాన్ని ఆపేసింది.

చిన్న సైటైతే ఇంత తతంగం అక్కర్లేదు. మూడింటినీ ఒకే జాబ్‌లో స్టెప్పులుగా రాసుకోండి. నేనైతే అదే చేస్తాను.

అన్నట్టు, ఓసారి నేనూ టెస్టులు ఎర్రగా, డిప్లాయ్ పచ్చగా చూసి కంగారుపడ్డాను. ఫెయిలైతే మెసేజ్ పంపే జాబ్‌కి ‘ఇఫ్’ (ఎప్పుడు నడవాలనే షరతు) దగ్గర ‘ఆల్వేస్’ పెట్టి, ఆ లైన్లే కాపీ కొట్టి డిప్లాయ్ రాశాను మరి! ‘ఆల్వేస్’ ఉంటే ముందు జాబ్ ఫెయిలైనా, రన్‌ను మనమే క్యాన్సిల్ చేసినా అది ఆగదు. మెసేజ్‌కి ‘ఫెయిల్యూర్’ చాలు. మీ ఫైల్లోనూ ఒకసారి వెతకండి, డిప్లాయ్ కింద ‘ఆల్వేస్’ కనిపిస్తే తీసేయండి.