బిల్ వెక్ అభిమానుల గురించి రాస్తున్న యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

షికాగోలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దినాల్లో అక్కడి వృద్ధ బేస్‌బాల్ అభిమానుల దగ్గర కూర్చుని, బిల్ వెక్ గురించి వారు చెప్పిన ముచ్చట్లను కూర్చి నువ్వు రాసిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. సామగ్రికి కొరత లేదు. ఇబ్బంది అంతా దానిని అమర్చిన తీరులో ఉంది. మూడడుగుల ఆటగాడు, బాణసంచా కాల్చే స్కోర్‌బోర్డు, నిక్కర్లు వేసుకుని ఆడిన జట్టు, మైదానం నడుమ పేల్చేసిన రికార్డులు అంటూ ఆయన చేసిన వింతలన్నింటినీ ఒకదాని వెనుక ఒకటి పేర్చుకుంటూ పోయావు. 1986లో చనిపోయిన ఒక జట్టు యజమాని పేరు చెప్పగానే ఈనాటికీ ఆ ముసలివారి ముఖాలు ఎందుకు వికసిస్తున్నాయన్న ప్రశ్నకు మాత్రం నీ వ్యాసంలో సమాధానం దొరకలేదు. ఆ సమాధానం వెక్ దగ్గర కన్నా గ్యాలరీలో కూర్చున్న మనిషి దగ్గరే ఎక్కువగా ఉందని నా నమ్మకం. అందుకే ఈ ఉత్తరం.

వ్యాసాన్ని 1948లో, అప్పుడు వెక్ జట్టు యజమానిగా ఉన్న క్లీవ్‌లాండ్‌లో మొదలుపెట్టి చూడు. ఆ ఏడాది ఒక రాత్రి కాపలాదారు పత్రికకు ఉత్తరం రాశాడు. బాగా జీతాలు తీసుకునే ఆటగాళ్లకే సన్మానాలు చేస్తున్నారు, టికెట్టు కొనుక్కుని వచ్చే మామూలు అభిమానికి ఎందుకు చేయరు అన్నది అతని ప్రశ్న. వెక్ దానిని నవ్వి వదిలేయలేదు. సెప్టెంబరు 28న ఆ కాపలాదారు పేరుమీదే సన్మానపు రాత్రి ప్రకటించాడు. ముందు అందరూ నవ్వుకోవడానికి ఒక మరుగుదొడ్డి గుడిసెను, పశువులను, ఒక డొక్కు కారును బహుమతులుగా తెప్పించి, ఆ తరువాత నిజమైన కొత్త ఫోర్డ్ కారును అతని చేతికి అప్పగించాడు. నీ వ్యాసంలో ఈ సంఘటన ఒక్క వాక్యంలో ముగిసిపోయింది. ఒక సామాన్యుడు అడిగిన మాటను జట్టు యజమాని తన మైదానంలో, వేలాదిమంది ఎదుట నిజం చేసి చూపించిన రాత్రి అది. నువ్వు కలిసిన వృద్ధులు ఇవాళ్టికీ వెక్‌ను తమవాడు అనుకోవడానికి మూలం అక్కడ ఉంది కనుక దానికి కనీసం రెండు పేజీలు ఇవ్వు.

ఆయనకు ఆ చూపు ఎలా అబ్బిందో కూడా పాఠకుడికి తెలియాలి. తండ్రి షికాగోలో క్రీడా విలేఖరి. కబ్స్ జట్టు నిర్వహణను పత్రికలో విమర్శిస్తూ రాసినవాడినే ఆ జట్టు తన అధ్యక్షుడిగా చేసుకుంది. కుమారుడు ఆ జట్టు మైదానమైన రిగ్లీ ఫీల్డ్‌లోనే తినుబండారాలు అమ్ముతూ, చిల్లర పనులు చేస్తూ పెరిగాడు. రిగ్లీ ఫీల్డ్ గోడమీద ఇప్పుడు కనిపించే ఐవీ తీగలు 1937లో నాటించిన పనిలో అతని చేయి ఉంది. 1941లో మిల్వాకీలో ఒక చిన్న లీగు జట్టును కొన్నప్పుడు, యుద్ధ సామగ్రి కర్మాగారాల్లో రాత్రి షిఫ్టు చేసి వచ్చే కార్మికులకు ఆట చూసే వీలు లేదని గమనించి, ఉదయం పూట ఆటలు పెట్టించి వారికి అల్పాహారం వడ్డించాడు. తరువాత తానే మెరీన్ దళంలో చేరి, పసిఫిక్‌లోని బూగెన్‌విల్ దీవిలో ఫిరంగి వెనక్కి తన్నడంతో కాలికి దెబ్బ తగిలి, చివరకు ఆ కాలు పోగొట్టుకున్నాడు. చెక్కకాలిలో సిగరెట్టు బూడిద రాల్చుకోవడానికి ఒక గుంట తొలిపించుకున్నాడన్నది అందరూ చెప్పే విశేషం. అది రాయి, కానీ అక్కడితో ఆగిపోకు. ఆ కాలితోనే ఆయన గ్యాలరీల మెట్లన్నీ ఎక్కి దిగుతూ, టై కట్టుకోకుండా, జనం నడుమ కూర్చుని ఆట చూసేవాడు. జనానికి ఏం కావాలో ఆయన వారి పక్కనే కూర్చుని తెలుసుకున్నాడు.

ఆ మూడడుగుల ఆటగాడు ఎడ్డీ గేడెల్ సంగతి అందరికీ తెలిసినదే కనుక తేలికగా రాసేశావు. అక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. 1951 ఆగస్టు 19న, సెయింట్ లూయిస్‌లో, అప్పటికి వెక్ యజమానిగా ఉన్న అక్కడి జట్టుకు డెట్రాయిట్ జట్టుతో ఆట. మొదట ఆట నియమాన్ని, ఆ దృశ్యానికి కావలసినంత మేరకే, చెప్పాలి. పిచ్చర్ వేసిన బంతి హోమ్ ప్లేట్ మీదుగా, బ్యాటర్ చంకలకూ మోకాళ్లకూ మధ్య ఎత్తులో పోవాలి. బ్యాటర్ కదలకుండా వదిలేసినవాటిలో అలా పోని బంతులు నాలుగు పడితే అతడు మొదటి బేస్‌కు నడిచి వెళ్లిపోవచ్చు. ఈ ఒక్క నియమం తెలిస్తే చాలు, మూడడుగుల ఏడు అంగుళాల మనిషి, వీపున ఒకటి బై ఎనిమిది అంకెతో, వంగి నిలబడడంలోని తెలివి పాఠకుడికి దానంతట అదే అర్థమవుతుంది. బేస్‌బాల్‌ను అడుగడుగునా క్రికెట్‌తో పోల్చి చెప్పే అలవాటు మానుకో. ఆ పోలికలు పాఠకుణ్ణి సెయింట్ లూయిస్ మైదానం నుంచి బయటికి లాగేస్తున్నాయి. అంపైర్ అభ్యంతరం చెప్పగా, మేనేజర్ ఒప్పంద పత్రం తీసి చూపించడం, క్యాచర్ బాబ్ స్విఫ్ట్ మోకాళ్లమీద కూర్చోవడం, బాబ్ కెయిన్ వేసిన నాలుగు బంతులూ ఎత్తుగా పోవడం, గేడెల్ మొదటి బేస్‌కు చేరగానే అతని బదులు జిమ్ డెల్సింగ్ పరుగుకు రావడం, ఇవన్నీ వరుసలో ఉంటే దృశ్యం కళ్లకు కడుతుంది.

అయితే గేడెల్‌ను ఆ ఒక్క క్షణపు వినోదంగా వదిలిపెట్టవద్దు. లీగు అధ్యక్షుడు విల్ హారిడ్జ్ వెంటనే ఆ ఒప్పందాన్ని రద్దు చేశాడు. పదేళ్ల తరువాత, 1961లో, ముప్పై ఆరేళ్ల వయసులో గేడెల్ దాడికి గురై చనిపోయాడు. బేస్‌బాల్ లోకం నుంచి అంత్యక్రియలకు వెళ్లినవాడు ఒక్కడే, ఆనాడు ఆ నాలుగు బంతులు వేసిన బాబ్ కెయిన్. పొట్టి మనిషిని జనం ముందు నిలబెట్టి నవ్వించడం సరైనదేనా అన్న ప్రశ్న నేటి పాఠకుడికి తప్పక వస్తుంది. నీ అభిప్రాయం నీకుంటుంది, దానిని దాచకు. నువ్వు కలిసిన వృద్ధులను కూడా ఆ మాట సూటిగా అడుగు. ఆనాడు తాము గేడెల్‌ను చూసి నవ్వారా, గేడెల్‌తో కలిసి అధికారులను చూసి నవ్వారా అన్నది వారు ఆలోచించుకుని చెప్పే జవాబు, నువ్వు రాయగల ఏ వ్యాఖ్య కన్నా విలువైనది.

దానికి అయిదు రోజుల తరువాత జరిగినది నీ చిత్తుప్రతిలో అసలు కనిపించలేదు. ఆగస్టు 24న ఫిలడెల్ఫియాతో ఆటలో వెక్ జట్టు పగ్గాలను ప్రేక్షకులకే ఇచ్చాడు. అవును, కాదు అని రాసిన అట్టలు వారి చేతికిచ్చి, ఇప్పుడు ఈ ఎత్తు వేయాలా వద్దా అని అడుగుతుంటే వారు అట్టలు ఎత్తి చూపించారు. మేనేజర్ జాక్ టేలర్ ఊగే కుర్చీలో పైపుతో తీరికగా కూర్చున్నాడు. ప్రేక్షకులు నడిపిన ఆ ఆటను సెయింట్ లూయిస్ 5-3తో గెలిచింది. ఆ సంవత్సరం 102 ఆటలు ఓడి పట్టికలో అడుగున నిలిచిన జట్టు అది! నా దృష్టిలో వెక్ ఆలోచనలన్నింటికీ ఇదే గుండెకాయ. గేడెల్ కథలో జనం చూశారు, ఇక్కడ జనమే ఆడించారు. ఆ రాత్రి అట్ట పట్టుకున్నవారు ఎవరైనా ఇంకా జీవించి ఉంటే, వారు అప్పుడు పిల్లలై ఉంటారు. దొరికితే మిగతా పనులన్నీ పక్కన పెట్టి వారి దగ్గరికి వెళ్లు.

జ్ఞాపకాలను నమ్మే విషయంలో ఒక పద్ధతి పెట్టుకోవాలి. అభిమాని చెప్పిన తేదీ, స్కోరు, జన సంఖ్య ఆనాటి పత్రికలోని ఆట వివరాలతో సరిచూడు. తేడా ఉంటే వ్యాసంలో సరైన అంకె వేసి, అతడు చెప్పినది కూడా అతని మాటగానే ఉంచు. ముసలాయనను తప్పుపట్టే వాక్యం అక్కర్లేదు. వెక్ స్వయంగా గొప్ప కథకుడు, కనుక ఆయన మాటల విషయంలోనూ ఈ పద్ధతే పాటించు. యుద్ధకాలంలో తాను ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టును కొని, నల్లజాతి ఆటగాళ్లతో నింపాలనుకుంటే పెద్దలు అడ్డుపడ్డారని ఆయన చెప్పుకున్నాడు. 1998లో కొందరు పరిశోధకులు ఆధారాలు చాలవని దానిని కొట్టిపారేశారు. తరువాత మరికొందరు, ఆ మాట వెక్ ఆత్మకథ కన్నా ముందే ప్రచారంలో ఉండేదని ఆధారాలు చూపించారు. నువ్వు దానిని జరిగిన సంగతిగా రాసేశావు. వివాదాన్ని వివాదంగానే రాయి.

ఆ కథ నిలిచినా నిలవకపోయినా, వెక్ ఏం చేశాడో చెప్పడానికి తిరుగులేని సంగతులు ఉన్నాయి. 1947 జులైలో లారీ డోబీని క్లీవ్‌లాండ్‌కు తెచ్చి, అమెరికన్ లీగులో మొదటి నల్లజాతి ఆటగాడిని నిలబెట్టాడు. ఆ రోజు జట్టు సభ్యుల్లో కొందరు డోబీతో చేయి కలపలేదు. మరుసటి ఏడాది, నలభై రెండేళ్ల నల్లజాతి పిచ్చర్ శాచెల్ పేజ్‌ను తీసుకుంటే, ఇది కేవలం ప్రచారం కోసం వేసిన ఎత్తుగడ అని పత్రికల్లో దుమ్మెత్తిపోశారు. పేజ్ ఆ సీజనులో ఆరు ఆటలు గెలిపించి ఒక్కటే ఓడాడు. ఆగస్టు 20 రాత్రి అతను పిచ్ చేస్తుంటే చూడడానికి 78,382 మంది వచ్చారు. ఆ ఏడాది క్లీవ్‌లాండ్ వరల్డ్ సిరీస్ గెలిచింది, మైదానానికి వచ్చినవారి సంఖ్య 26 లక్షలు దాటింది. నీ వ్యాసంలో ఇవన్నీ చివర్లో, 'ఆయనకు గంభీరమైన కోణం కూడా ఉంది' అన్న శీర్షిక కింద విడిగా ఉన్నాయి. ఆ శీర్షిక తీసేయి. కాపలాదారుకు సన్మానం చేసినది, డోబీకి తలుపు తెరిచినది ఒకే మనిషి, ఒకే జట్టుతో, ఏడాదిన్నర లోపు. ఆ రెండూ పక్కపక్కనే ఉండాలి.

షికాగో వైట్ సాక్స్ యజమానిగా ఆయన మొదటిసారి ఉన్న కాలాన్ని త్వరగా దాటిపోవచ్చు. 1959లో నలభై ఏళ్ల తరువాత లీగు గెలవడం, 1960లో హోమ్ రన్ పడగానే బాణసంచా కాల్చే స్కోర్‌బోర్డు, చొక్కాల వెనుక ఆటగాళ్ల పేర్లు, ఇంతే చాలు. నువ్వు ఆగవలసినది ఆయన రెండోసారి ఆ జట్టు యజమానిగా ఉన్నప్పటి 1979 జులై 12 దగ్గర. డిస్కో రికార్డు ఒకటి తెచ్చినవారికి 98 సెంట్లకే ప్రవేశం, రెండు ఆటల మధ్య విరామంలో ఆ రికార్డులన్నీ పేల్చివేయడం అన్నది ఏర్పాటు. వైట్ సాక్స్ మైదానం కోమిస్కీ పార్కు పట్టనంతమంది వచ్చారు. పేలుడు తరువాత వేలమంది మైదానంలోకి దూకారు. వెక్ తానే మైకు పట్టుకుని బతిమాలినా వినలేదు. రెండో ఆటను డెట్రాయిట్‌కు వదులుకోవలసి వచ్చింది. నీ అభిమానులు దానిని కుర్రకారు అల్లరిగా నవ్వుతూ తలచుకున్నారు, నువ్వూ అలాగే రాశావు. కానీ ఆ రాత్రి అక్కడ సీట్లు చూపించే పనిలో ఉండి, తరువాత డిస్కో నుంచి పుట్టిన హౌస్ సంగీతంలో పేరు తెచ్చుకున్న విన్స్ లారెన్స్, జనం తెచ్చినవాటిలో డిస్కోతో సంబంధం లేని నల్లజాతి గాయకుల రికార్డులు ఎన్నో ఉన్నాయని చెప్పాడు. 1978లో ఇదే జట్టుకు డోబీని మేనేజరుగా చేసిన యజమాని మైదానంలోనే అది జరిగింది. ఈ రెండింటినీ కలిపి చూడడం వృద్ధ అభిమానులకు కష్టంగా ఉండవచ్చు. అయినా గౌరవంగా అడుగు, వారు మౌనంగా ఉంటే మౌనంగా ఉన్నారనే రాయి. వెక్ మీద నాకున్న అభిమానం నీకున్న దానికి తక్కువేమీ కాదు. ఆయనను ప్రేమించేవారే ఆ రాత్రి గురించి పూర్తిగా రాయాలని నా కోరిక.

ఇక మిగిలినది ఒక్క పని. 1981లో జట్టును అమ్మేసిన తరువాత వెక్ తన చివరి వేసవులను ఎక్కువగా రిగ్లీ ఫీల్డ్‌లో, ఎండలో, చవక టికెట్ల బెంచీల మీద గడిపాడు. అక్కడ ఆయన పక్కన కూర్చుని ఆట చూసినవారు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లవారు, నీ ఊరిలోనే ఉంటారు. వారిని వెతికి, ఆయన చేసిన తమాషాల గురించి కాక, ఆయన తమను ఏమేమి అడిగేవాడో అడిగి రాసుకుని రా. 1948, 1979 భాగాలు తిరగరాసిన తరువాత ఆ సంభాషణలతో కలిపి నాకు పంపించు. ఈ వ్యాసం అచ్చులో చూడాలని ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో.