డేటింగ్ యాప్‌లో మ్యాచ్ అయినవాళ్లు (ఒకరినొకరు ఇష్టపడి మాట్లాడుకుంటున్నవాళ్లు) తీరా కలిసే రోజు హ్యాండిస్తుంటే ఏం చేయాలి?

యాప్‌లో రోజూ చక్కగా మాట్లాడతారు, శనివారం కలుద్దామంటారు, తీరా ఆ రోజు అర్జెంట్ పని పడిందంటారు, లేదా ఫోనే ఎత్తరు అని రాశారు. మొన్న ఒకమ్మాయి చెప్పాపెట్టకుండా మాయమైంది, ఇంకొకమ్మాయి రాలేనని చెప్పి బుధవారం కుదురుతుందా అని అడిగింది. నాలో ఏం లోపం ఉందోనని బాధపడ్డారు. ఆ ఆలోచన ముందు తీసేయండి. వాళ్లు మిమ్మల్ని ఇంకా చూడనే లేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ కొన్నేళ్లు ఈ యాప్‌లు వాడాను. మావారు పరిచయమైంది కూడా అక్కడే. కాబట్టి నేను చూసిందే చెబుతాను.

మాదాపూర్ హాస్టల్లో ఉన్నప్పుడు నా రూమ్మేట్లు ఆఖరి నిమిషంలో ఆగిపోవడం దగ్గర నుంచి చూశాను. చాలాసార్లు అబ్బాయి నచ్చకపోవడం కారణం కాదు. రాత్రి పదింటికి హాస్టల్ గేటు వేసేస్తారు, అతనేమో ఎనిమిదింటికి జూబ్లీహిల్స్‌లో డిన్నర్ అన్నాడు. కూకట్‌పల్లిలో ఉండే బాబాయి వాళ్ల కంట పడితే గంటలో ఊళ్లో అమ్మకు తెలిసిపోతుంది. అదే వారం ఇంటి దగ్గర పెళ్లిచూపులు పెట్టి ఉంటారు. అన్నిటికీ మించి, కొత్త మనిషితో ఒంటరిగా కలవాలంటే భయం. ఇవేవీ ముఖం కూడా తెలియని మనిషికి చెప్పుకోలేరు. తలనొప్పిగా ఉందని మెసేజ్ పెట్టేస్తారు.

అబ్బాయిలు నాకు హ్యాండిచ్చిన రోజులూ ఉన్నాయి. కెఫేలో కూర్చుని ఎదురుచూస్తుంటే ఒకతను అన్‌మ్యాచ్ చేసేశాడు, అంటే యాప్‌లో మా పరిచయాన్నే తెంచేశాడు. అలా చేస్తే అంతవరకు మాట్లాడుకున్న చాట్ అంతా మన ఫోన్లోంచి కూడా పోతుంది. కారణం అడిగే దారి కూడా ఉండదు. ఆ అవమానం నాకు తెలుసు కాబట్టే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

నాకు పనిచేసిన వాటిలో మొదటిది, చాటింగ్ సాగదీయకపోవడం. వారాల తరబడి మెసేజ్‌లలోనే మాట్లాడుకుంటే ఎదుటివాళ్ల మీద ఊహలు పెరుగుతాయి, కలిస్తే అవి ఎక్కడ చెడిపోతాయోనన్న టెన్షన్ కూడా పెరుగుతుంది. నాలుగైదు రోజులు మాట్లాడాక ఒక చిన్న వీడియో కాల్ అడగండి. బంబుల్ అనే డేటింగ్ యాప్‌లో అయితే ఫోన్ నంబర్ ఇవ్వకుండా యాప్‌లోంచే చేసుకోవచ్చు. ఆడపిల్లలకు ఆ పది నిమిషాల్లో సగం భయం పోతుంది. కాల్‌కే తప్పించుకునేవాళ్లు కలవడానికి రావడం నేనైతే చూడలేదు.

తర్వాత చోటు. "ఈ వీకెండ్ కలుద్దాం" అంటే ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు. "ఆదివారం ఐదింటికి లామకాన్‌లో టీ, ఒక గంట" అనండి. బంజారాహిల్స్‌లోని ఆ చోటు నేను కావాలనే ఎంచుకునేదాన్ని. చుట్టూ జనం ఉంటారు, ఖర్చు తక్కువ, సాయంత్రాలు నాటకమో సంగీతమో ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. అవతలి మనిషి రాకపోయినా నా సాయంత్రం వృథా అయ్యేది కాదు. డిన్నర్, సినిమా మొదటిసారికి వద్దు. చీకటి పడకముందే మెట్రోలో తిరిగి వెళ్లగలిగేలా ఉంటే అమ్మాయిలు వచ్చే అవకాశం ఎక్కువ.

ఆ రోజు పొద్దున ఒక్క మెసేజ్ పెట్టండి: "సాయంత్రం ఐదింటికి వస్తున్నాను. మీకు కుదరకపోతే ఇప్పుడే చెప్పండి, ఏమీ అనుకోను." ఇలా అడిగితే మనమే తప్పుకునే దారి చూపించినట్టు కాదా అని నా ఫ్రెండ్ ఒకతను అన్నాడు. చూపించాలి. రావాలని లేని మనిషి పొద్దున్నే తప్పుకుంటే మీరు అంత దూరం ట్రాఫిక్‌లో పడి వెళ్లక్కర్లేదు. మధ్యాహ్నం దాటినా జవాబు రాకపోతే బయల్దేరకండి. వెళ్లాక రాకపోతే ఇరవై నిమిషాలు చూసి లేచి వచ్చేయండి. వరసపెట్టి కాల్స్ చేయడం, కోపంగా మెసేజ్‌లు పెట్టడం మాత్రం వద్దు. భయపడి ఆగిపోయిన అమ్మాయికి ఆ భయం నిజమేననిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఫలానా పబ్బుకే రావాలని పట్టుబట్టేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. 2024లో హైటెక్ సిటీలో డేటింగ్ యాప్‌ల ద్వారా అబ్బాయిల్ని పబ్బుకు రప్పించి, వేలల్లో బిల్లు కట్టించిన ముఠాను పోలీసులు అరెస్టు చేశారు.

రెండో అవకాశం ఎవరికివ్వాలంటే, ఇంకో రోజు తామే చెప్పినవాళ్లకి. మావారు కూడా మొదటిసారి రాలేదు. గచ్చిబౌలిలో వానకు రోడ్లన్నీ ఆగిపోయాయి. కానీ నేను బయల్దేరకముందే ఫోన్ చేసి, మంగళవారం ఆఫీసు అయ్యాక ఎక్కడ కలవొచ్చో తనే చెప్పారు. "మళ్లీ ఎప్పుడైనా చూద్దాం" అన్నవాళ్లెవరూ ఆ తర్వాత నన్ను కలవలేదు.

అందుకే మాయమైన అమ్మాయికి ఇంక మెసేజ్ పెట్టకండి. బుధవారం అడిగిన అమ్మాయికి మాత్రం ఇవాళే సరేననండి. తనకు ఏ మెట్రో స్టేషన్ దగ్గరో, ఎన్నింటికల్లా ఇంటికి చేరాలో అడిగి, దాన్ని బట్టి చోటు, టైమ్ పెట్టండి.