పాత సిస్టమ్, ఆగిపోయిన అప్‌డేట్లు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 2011లో కొన్న డెస్క్‌టాప్ మాది. హార్డ్‌డిస్క్ పోతే కొత్తది వేయించి, అప్పట్లో ఇచ్చిన డీవీడీతోనే విండోస్ 7 మళ్లీ ఎక్కించాను. అప్‌డేట్లు మాత్రం రావడం లేదు. 80072ఈఎఫ్ఈ అనే కోడ్ చూపించి ఆగిపోతోంది. రెండు రోజులు నెట్ పెట్టి వదిలేసినా ఫలితం లేదు. ఏం చేయాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మీ నెట్ బాగానే ఉంది, డీవీడీ కూడా బాగానే ఉంది. ప్రతి అప్‌డేట్ మీదా మైక్రోసాఫ్ట్ ఒక డిజిటల్ సంతకం పెడుతుంది. ఆ సంతకం సరిపోలితేనే విండోస్ దాన్ని లోపలికి రానిస్తుంది. మీ డీవీడీలోని విండోస్ 7కి ఎస్‌హెచ్‌ఏ 1 అనే పాత సంతకం పద్ధతే తెలుసు. మైక్రోసాఫ్ట్ 2019లో ఎస్‌హెచ్‌ఏ 2కి మారి, 2020లో పాత పద్ధతి సర్వర్లను మూసేసింది. కొత్త సంతకాన్ని గుర్తుపట్టే అప్‌డేట్ సర్వర్ నుంచి రావాలి, ఆ అప్‌డేట్ లేనిదే సర్వర్ పలకదు. అందుకే మొదటి కొన్నింటిని మనమే చేత్తో వేయాలి.

ముందు రెండు విషయాలు చూసుకోండి. గడియారంలో తేదీ, సంవత్సరం సరిగ్గా ఉన్నాయా? తర్వాత, కంప్యూటర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే 'సిస్టమ్ టైప్' దగ్గర 32 బిట్టా 64 బిట్టా అని ఉంటుంది. కాగితం మీద రాసుకోండి. డౌన్‌లోడ్ చేసే చోట 32 బిట్‌ని ఎక్స్86 అని, 64 బిట్‌ని ఎక్స్64 అని రాస్తారు. తప్పు ఫైలు తెచ్చుకుంటే 'ఈ అప్‌డేట్ మీ కంప్యూటర్‌కి వర్తించదు' అన్న మెసేజ్ వస్తుంది. చాలామంది దాన్ని చూసి ఫైలే పాడైందనుకుని మళ్లీ మళ్లీ దించుకుంటారు.

ఫైళ్లను కొత్త విండోస్ ఉన్న వేరే కంప్యూటర్‌లో, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ సైటు నుంచి దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. మీ పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ సైటు తెరవాలని చూస్తే సమయం వృథా. ప్రతి అప్‌డేట్‌కీ మైక్రోసాఫ్ట్ ఇచ్చే గుర్తింపు సంఖ్యే కేబీ నంబరు. కేటలాగ్‌లో వెతికే పెట్టెలో అది కొడితే చాలు. ఏ ఇతర సైటు నుంచీ ఈ ఫైళ్లు తీసుకోవద్దు.

వేయాల్సిన వరుస ఇది. మొదట సర్వీస్ ప్యాక్ 1, అంటే కేబీ 976932. ప్రాపర్టీస్ పేజీలో విండోస్ పేరు కింద 'సర్వీస్ ప్యాక్ 1' అని ఇప్పటికే కనిపిస్తుంటే దీన్ని వదిలేయండి. 64 బిట్ ఫైలు సుమారు 900 ఎంబీ, 32 బిట్‌ది సుమారు 540 ఎంబీ. ఫైలు సైజు చూసి సి డ్రైవ్‌లో ఒక జీబీ ఉంటే సరిపోతుందనుకోకండి. విప్పుకుని వేసుకోవడానికి 64 బిట్‌కి 7 జీబీ పైనే అడుగుతుంది, 8 జీబీ ఖాళీ పెట్టండి. తర్వాత కేబీ 3020369. దాని మీద కేబీ 3125574. ఈ రెండోది 2016 ఏప్రిల్ దాకా వచ్చిన వందలాది చిన్న అప్‌డేట్లలో ఎక్కువ భాగాన్ని ఒక్క మూటగా కట్టి ఇచ్చినది, 64 బిట్‌కి 480 ఎంబీ వరకూ ఉంటుంది. దీన్ని వేసుకుంటే రోజుల పని గంటల్లోకి వస్తుంది. దాని తర్వాత కేబీ 4490628, ఆపైన ఎస్‌హెచ్‌ఏ 2 గుర్తింపునిచ్చే కేబీ 4474419. చివరగా కేబీ 4534310. విండోస్ 7కి అందరికీ ఉచితంగా ఇచ్చిన ఆఖరి నెలవారీ అప్‌డేట్ ఇదే, తేదీ 2020 జనవరి 14. ఒక్కోటి వేశాక తప్పకుండా రీస్టార్ట్ చేయండి, అడగకపోయినా సరే.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇంకోచోట. ఫైలు మీద డబుల్ క్లిక్ చేయగానే 'ఈ కంప్యూటర్‌లో అప్‌డేట్ల కోసం వెతుకుతోంది' అంటూ ఆకుపచ్చ గీత గంటల తరబడి తిరుగుతూనే ఉంటుంది. వెనకాల విండోస్ అప్‌డేట్ సర్వీసు సర్వర్ కోసం వెతుకుతూ ప్రాసెసర్ అంతా తినేస్తుంటుంది, మన ఫైలు దాని వెనక క్యూలో నిలబడిపోతుంది. అందుకని పని మొదలుపెట్టే ముందే నెట్ కేబుల్ పీకేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో అప్‌డేట్ సెట్టింగ్‌ని 'ఎప్పుడూ చూడవద్దు' అని మార్చండి. స్టార్ట్ మెనూలో సర్వీసెస్ తెరిచి, 'విండోస్ అప్‌డేట్' మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ కొట్టండి, వెంటనే ఫైలు తెరవండి. ప్రతి ఫైలుకీ ఇదే పద్ధతి, ఎందుకంటే రీస్టార్ట్ అయ్యాక ఆ సర్వీసు మళ్లీ లేస్తుంది.

'35 శాతం' దగ్గర అరగంట కదలకపోతే కంగారుపడి పవర్ బటన్ నొక్కొద్దు. సగంలో ఆపితే విండోస్ లేవకపోవచ్చు. కరెంటు మీద నమ్మకం లేని వేళల్లో యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టనే వద్దు.

ఆఖరి అప్‌డేట్ వేశాక డెస్క్‌టాప్ బొమ్మ పోయి నల్లగా కనిపిస్తే వైరస్ అనుకోకండి. వాల్‌పేపర్ 'స్ట్రెచ్' పద్ధతిలో ఉన్నవాళ్లకు 4534310 వల్ల వచ్చే లోపం అది. మైక్రోసాఫ్ట్ తర్వాత ఇచ్చిన కేబీ 4539602 దాన్ని సరిచేస్తుంది. ఫిల్ లేదా ఫిట్‌కి మార్చినా పోతుంది.

ఇదంతా సవ్యంగా జరిగితే మీ కంప్యూటర్ 2020 జనవరి నాటి రక్షణకు చేరుతుంది, అంతకు మించి కాదు. సంస్థలు డబ్బు కట్టి తీసుకున్న అదనపు అప్‌డేట్లు కూడా 2023 జనవరి 10తో ముగిశాయి. పాత ఫొటోలు, స్కానర్, టైపింగ్ పనులకు వాడుకోండి. బ్యాంకు పని మాత్రం ఇందులో వద్దు.

ప్రశ్న: విండోస్ 7లో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. కొన్ని సైట్లు అసలు తెరుచుకోవు. వేరే బ్రౌజర్ ఉందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: విండోస్ 7కి, 8.1కి క్రోమ్‌లో 109వ వెర్షనే ఆఖరిది. ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం మద్దతిచ్చే రకం) 115 వేసుకోండి, విండోస్ 7 మీద నడిచే ఆఖరి ఫైర్‌ఫాక్స్ వరుస అదే. దానికి ఇంకో సౌకర్యం ఉంది. సైట్లు అసలైనవేనని చూపే సర్టిఫికెట్లను తనిఖీ చేయడానికి ఫైర్‌ఫాక్స్ తన సొంత జాబితా తెచ్చుకుంటుంది, విండోస్‌లోని పాత జాబితా మీద ఆధారపడదు. 2021 సెప్టెంబరు 30న ఒక పాత మూల సర్టిఫికెట్ గడువు తీరడంతో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లు వాడే సైట్లు చాలా పాత కంప్యూటర్లలో తెరుచుకోవడం మానేశాయి. అవి ఫైర్‌ఫాక్స్‌లో మామూలుగా తెరుచుకుంటాయి.

ప్రశ్న: రోజూ ఉదయం ఆన్ చేయగానే తేదీ 2009కి పోతోంది. ఏ సైటు తెరిచినా 'మీ కనెక్షన్ సురక్షితం కాదు' అంటోంది.
– నంద్యాల

జవాబు: మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. సీఆర్ 2032, 3 వోల్టులు. ప్లగ్ పీకి, ప్లస్ గుర్తు పైకి వచ్చేలా కొత్తది వేసి, బయాస్‌లో (విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల పేజీలో) తేదీ సరిచేయండి. తేదీ తప్పైతే 'ఈ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు' అని బ్రౌజర్ అనుకుంటుంది.

ప్రశ్న: మాది డీటీపీ సెంటర్. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ 7తో పాతికేళ్ల నాటి పెళ్లిపత్రికలు, కరపత్రాల ఫైళ్లన్నీ విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌లో ఉన్నాయి. దీన్ని ఎలా అప్‌డేట్ చేయాలి? కొత్త సిస్టమ్‌తో షేరింగ్ కూడా కలవడం లేదు.
– తాడేపల్లిగూడెం

జవాబు: అప్‌డేట్ చేయకండి, నెట్ తీసేయండి. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగింది. మరీ ప్రమాదమైనప్పుడు మాత్రమే మైక్రోసాఫ్ట్ మళ్లీ ప్యాచ్ ఇచ్చింది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్ల దాకా వచ్చినప్పుడు ఇచ్చినది కేబీ 4012598, 2019 మేలో ఇచ్చినది కేబీ 4500331. ఈ రెండూ పెన్‌డ్రైవ్‌తో వేసుకోండి. వాటితోపాటు కేబీ 971029 కూడా వేయండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానిలోని ప్రోగ్రామ్ తనంతట తాను నడవకుండా అది ఆపుతుంది. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు రోజంతా వచ్చే మీలాంటి చోట ఇది తప్పనిసరి. ఇంకా మంచిది, కస్టమర్ పెన్‌డ్రైవ్‌ని ముందు కొత్త సిస్టమ్‌లో స్కాన్ చేసి, కావాల్సిన ఫైలు మాత్రమే మీ సొంత పెన్‌డ్రైవ్‌తో ఎక్స్‌పీకి తీసుకెళ్లడం. ఆ పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేయండి. కొత్తగా వచ్చే పెద్ద సైజు పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, వాటిని ఎక్స్‌పీ తనంతట తాను చదవలేదు. ఫ్యాట్ 32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, మీ పనికి అది చాలు.

షేరింగ్ కలవకపోవడానికి కారణం, ఎక్స్‌పీకి ఎస్‌ఎంబీ 1 అనే పాత పద్ధతి ఒక్కటే వచ్చు. విండోస్ 10లో 2017 చివరి నుంచి దాన్ని మొదటే తీసేసి ఇస్తున్నారు. మళ్లీ ఆన్ చేసే దారి ఉంది, ఎవరైనా చెప్తారు కూడా. చేయకండి. వన్నాక్రై వ్యాపించింది ఆ దారిలోనే.

మీకు అసలు భయం వైరస్ కన్నా పాత హార్డ్‌డిస్క్. అది ఆగితే ఫైళ్లతో పాటు సాఫ్ట్‌వేర్, దాని సెట్టింగులు అన్నీ పోతాయి. ఈ వారంలోనే క్లోన్‌జిల్లా అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తానికి ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి, రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టండి. తిరిగి ఎక్కించే డిస్క్ పాతదాని సైజుకి సమానంగానో పెద్దదిగానో ఉండాలి. రెండు డిస్కులూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, ఏది మూలం, ఏది గమ్యం అన్నది మోడల్ నంబరుతో సరిచూసుకోకుండా ఎంటర్ కొట్టకండి. ఆ ఇమేజ్‌ని వేరే డిస్క్ మీద ఒకసారి ఎక్కించి, ఒక పాత పత్రిక తెరిచి చూసేదాకా బ్యాకప్ ఉన్నట్టు లెక్క కాదు. పాత మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో కూడా మూత తీసి చూడండి.

ప్రశ్న: విండోస్ 10 ఆగిపోయిందంటున్నారు. మాది రెండో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. విండోస్ 11 కుదరదట. లైనక్స్ వేస్తే తెలుగు టైపింగ్, ప్రింటర్ పనిచేస్తాయా?
– కరీంనగర్

జవాబు: విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీది 22హెచ్2 వెర్షన్ అయితే, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకునే లింకు వస్తుంది. అవి 2026 అక్టోబరు 13 వరకే. ఆ గడువును మారడానికి వాడుకోండి.

లైనక్స్ మింట్ 22లో తేలికైన రకం ఎక్స్ఎఫ్‌సీఈ మీ ప్రాసెసర్‌కి సరిపోతుంది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 4 జీబీ సరిపోతుంది. ఇంకో 4 జీబీ డీడీఆర్3, 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేయిస్తే తేడా మీకే తెలుస్తుంది. డబ్బు ఒకదానికే ఉంటే ఎస్‌ఎస్‌డీకి పెట్టండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్‌ని రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాని నుంచి బూట్ చేసి వైఫై, సౌండ్ చూసుకోవచ్చు.

తెలుగుకి ఇబ్బంది లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్లలోనే ఉంది. ఆపిల్, ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేది) టైపింగ్ పద్ధతులకు ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేయాలి. లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయితేనే అవి జాబితాలో కనిపిస్తాయి. అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు మాత్రం యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు, మార్చుకోనిదే చదవడానికి రావు.

ప్రింటర్ ఏదో మీరు రాయలేదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే హెచ్‌పీలిప్‌తో (లైనక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్లను నడిపే సాఫ్ట్‌వేర్) పాటు దాని ప్లగిన్ కూడా వేయాలి. ప్లగిన్ లేకపోతే ప్రింటర్ కనిపిస్తుంది గానీ కాగితం కదలదు, ఎందుకంటే ఆన్ చేసిన ప్రతిసారీ దానిలోకి ఫర్మ్‌వేర్‌ని, అంటే ప్రింటర్‌ని నడిపే ప్రోగ్రామ్‌ని, కంప్యూటరే పంపాలి. క్యానన్ ఎల్‌బీపీ 2900 అయితే ఆలోచించండి. దాని లైనక్స్ డ్రైవర్ పాతది, ఒక రోజు పనిచేసి మర్నాడు మొండికేస్తుంది. రోజూ ప్రింట్లు తీసేవాళ్లయితే మింట్ పక్కనే విండోస్‌ని కూడా ఉంచుకుని, నెట్ లేకుండా ప్రింటింగ్‌కి మాత్రమే అందులోకి వెళ్లండి.