వాగ్దానం సంగతి తర్వాత తమ్ముడూ, ముందు ఆ అమ్మాయి సంగతి చూడు

ఉత్తరం గాజువాక నుంచి వచ్చింది. రాసినతనికి 34 ఏళ్లు, డిప్లొమా మెకానికల్, పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో మెయింటెనెన్స్ చేసేవాడు. 2019 డిసెంబర్ 31 రాత్రి చర్చిలో వాచ్‌నైట్ సర్వీసులో, కొత్త ఏడాదికి ఒక బైబిలు వాక్యం వచ్చే వాగ్దానం కార్డు తీస్తే యెషయా 60:22 వచ్చిందట, "తగిన కాలమున ఈ కార్యమును త్వరపెట్టుదును" అని. తర్వాత ఉపవాస కూడికలో ఒక పెద్దావిడ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, గవర్నమెంట్ ఉద్యోగం నీకు రాసిపెట్టి ఉంది బాబూ అంది. ఇతను ఉద్యోగం మానేసాడు. అప్పట్నుంచి గ్రూప్ 2, రైల్వే, ఏదొస్తే అది రాస్తున్నాడు, ఒకసారి ప్రిలిమ్స్ దాటాడు, మెయిన్స్ పోయింది. భార్య సిటీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. అయిదేళ్ల పాప. ఇంక అతని ప్రశ్న అతని మాటల్లోనే:

"అక్కా, నా భార్యకి విశ్వాసం తగ్గిపోయింది. ఎన్నాళ్లండీ, ఏదో ఒక పని చూసుకోండి అంటుంది. ముసలితనంలో కొడుకు పుడతాడంటే అబ్రాహాము భార్య శారా నవ్వినట్టు ఈమె కూడా దేవుడి మాటకి నవ్వుతోంది. ఆమె అవిశ్వాసం వల్లే నా వాగ్దానం ఆలస్యం అవుతోందా? నలభై రోజులు ఉపవాసం ఉందామనుకుంటున్నా, ఆమెని కూడా ఉండమనాలా?"

తమ్ముడూ, ఆమె వల్ల ఏదీ ఆలస్యం అవ్వట్లేదు. ఉపవాసం ఆమెని ఉండమనకు, రాత్రంతా వార్డులో నిలబడే మనిషికి తిండి మాన్పించడం ఏ భక్తి. నువ్వడిగినదానికి జవాబు అయిపోయింది, ఇప్పుడు నువ్వు అడగనిదానికి వద్దాం.

అంత పెద్ద ఉత్తరంలో నీ పాప పేరుంది, మీ పాస్టరు అయ్యగారి పేరుంది, కోచింగ్ సెంటర్ పేరు కూడా ఉంది, ఆ అమ్మాయి పేరు ఒక్కచోట లేదు. "ఆమె", "మా ఇంట్లో ఆవిడ", అంతే. నైట్ డ్యూటీ చేసి పొద్దున్న ఎనిమిదింటికి బస్సు దిగి వస్తుందని, వచ్చి పాపకి జడలేసి స్కూల్‌కి పంపి, నీకు అన్నం కూర వండిపెట్టి అప్పుడు పడుకుంటుందని, ఆ టైముకి నువ్వు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లిపోతావని నువ్వే రాసావు. ఇదంతా ఎందుకు రాసావంటే నీ డిసిప్లిన్ చూపించుకోడానికి, నేను రోజూ టైముకి వెళ్తానక్కా అని. ఆ పేరాలో జడలెవరు వేస్తున్నారు, వంటెవరు చేస్తున్నారు అనేది నీ కంటికి ఆనలేదు.

ఇంకో ముక్క ఉంది, అది చదివాక నాకు కాసేపు కోపం తగ్గలేదు. "ఇంత ఇబ్బందిలో కూడా దశమభాగం మానలేదక్కా, ప్రతి నెలా కవరు మీద నా పేరు రాసి మందిరంలో ఇస్తున్నా" అన్నావు. ఎవరి జీతంలో దశమభాగం? ఆమె జీతంలోది. కవరు మీద పేరు నీది. సంఘంలో అందరూ ఏమనుకుంటారు, పాపం ఉద్యోగం లేకపోయినా ఎంత నమ్మకంగా ఇస్తున్నాడో అనుకుంటారు. ఆ అమ్మాయి ఆదివారం డ్యూటీ పడి రాలేకపోతే మాత్రం "సిస్టర్ ఈమధ్య కనబడ్డంలేదేంటి" అని అడుగుతారు, అదీ నువ్వే రాసావు, అడిగినప్పుడు నీకు తలవంపులైందట. నిజానికి తలవంపులవ్వాల్సింది ఆ కవరు ఇచ్చేటప్పుడు కదా!

శారా నవ్వింది అన్నావు. ఆదికాండం 18 చదివేముందు 17 చదవలేదా నువ్వు? ముందు నవ్వింది అబ్రాహామే, సాగిలపడి మరీ నవ్వాడు, నూరేళ్లవాడికి కొడుకా అని. ఆయన నవ్వు ఎవరికీ గుర్తుండదు, శారా నవ్వు మీద మాత్రం మన మందిరాల్లో ఏళ్ల తరబడి ప్రసంగాలు. హెబ్రీ 11లో విశ్వాసవీరుల లిస్టులో శారా కూడా ఉంది తెలుసా, వాగ్దానం చేసినవాడు నమ్మదగినవాడని ఆమె ఎంచుకుంది అని రాసుంది.

ఇంకా చెప్తా విను. అదే అబ్రాహాము వాగ్దానం చేతిలో పెట్టుకుని ఐగుప్తుకి వెళ్లి, తన ప్రాణానికి ముప్పని పెళ్లాన్ని చెల్లెలని చెప్పాడు. ఫరో ఆమెని ఇంటికి తీసుకుపోయి, ఆమె పేరు చెప్పి ఈయనకి గొర్రెలూ గొడ్లూ గాడిదలూ ఒంటెలూ పనివాళ్లూ అన్నీ ఇచ్చాడు. 12వ అధ్యాయంలోనే ఉంది. వాగ్దానం వచ్చింది ఈయనకి, మూల్యం కట్టింది ఆమె. అక్కడితో బుద్ధి రాలేదు, గెరారు అనే ఊళ్లో మళ్లీ అదే పని. దేవుడు రెండుసార్లూ ఎవరి పక్కన నిలబడ్డాడో చూడు, శారా కోసం ఫరో ఇంటిని బాధపెట్టాడు, గెరారు రాజు అబీమెలెకుకి కలలో కనబడి గట్టిగా చెప్పాడు. నువ్వు అబ్రాహాములా కనిపెట్టుకుని, అంటే దేవుడి మాట కోసం ఎదురుచూస్తూ, ఉన్నానంటున్నావు, సరే, ఏ అబ్రాహాములా అన్నది కూడా చూసుకోవాలి.

కనిపెట్టడం తప్పని నేననను. హారాను నుంచి బయల్దేరినప్పుడు ఆయనకి 75, ఇస్సాకు పుట్టేసరికి 100, పాతికేళ్లు. యోసేపుని అమ్మేసినప్పుడు 17, ఫరో ముందు నిలబడేసరికి 30. దావీదుకి కుర్రాడప్పుడే రాజువవుతావని తలమీద నూనె పోసారు, సింహాసనం ఎక్కేసరికి 30. కానీ వీళ్లలో ఒక్కడైనా కార్డు జేబులో పెట్టుకుని ఇంకొకరి సంపాదన మీద కూర్చున్నాడా? నూనె పోయించుకున్న దావీదు మళ్లీ గొర్రెల దగ్గరికే వెళ్లాడు, యోసేపు జైల్లో కూడా పనే చేసాడు. మనందరి ఇళ్లల్లో గోడమీద యిర్మీయా 29:11, మీకు నిరీక్షణ ఇస్తానన్న దేవుడి మాట, స్టిక్కర్ ఉంటుంది, మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. బబులోనులో బందీలుగా ఉన్న యూదులకి రాసిన ఉత్తరం అది, డెబ్భై ఏళ్ల తర్వాత తీసుకొస్తానంటాడు, దానికి ముందు 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి తోటలు వేసుకోండి అంటాడు. ఆ 5వ వచనం స్టిక్కర్ ఎవరూ కొట్టించరు.

నువ్వు తీసిన యెషయా 60 కూడా సీయోను, అంటే యెరూషలేము గురించి చెప్పిన మాట. దాన్ని ప్రార్థనలో ఎత్తిపట్టుకోవద్దనను, నేనూ జనవరి ఒకటిన కార్డు తీసుకుని బైబిల్లో పెట్టుకునేదాన్నే. కానీ అందులో ఏపీపీఎస్సీ లేదు నాన్నా. ఆ పెద్దావిడ ప్రేమతోనే చెప్పుంటుంది, ఉద్యోగం మానెయ్యమని ఆవిడా చెప్పలేదు కదా. అది నీ నిర్ణయం, దేవుడి సంతకం దాని మీద పెట్టకు.

మన విశాఖలోనే ఉంది చూడు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు ఇక్కడికి వచ్చారు. తెలుగు రాదు, ఎవరూ పెద్దగా వినేవాళ్లు లేరు. పిల్లలకి బడి పెట్టారు, భాష నేర్చుకున్నారు, ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి మార్చే పని పట్టుకున్నారు. 1809లో క్రాన్ పోయాడు, మరుసటి ఏడు డెస్ గ్రాంజెస్ పోయాడు. ఆ తెలుగు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఇద్దరిలో ఒక్కడూ ఆ పుస్తకం చేత్తో పట్టుకోలేదు. రోజువారీ పని మాత్రం ఆపలేదు.

అంత వెనక్కి కూడా పోనక్కర్లేదు, మీ నాన్నగారిని చూడు. స్టీల్ ప్లాంటుకి భూములిచ్చి, నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు పెట్టెలో దాచుకుని, ఉద్యోగం వస్తుందని చూసి చూసి పోయారని రాసావు, "నాకా గతి పట్టకూడదు" అన్నావు. మీ వైపు ఎన్ని ఇళ్లల్లో ఆ కార్డులున్నాయో, దాని బాధేంటో నాకు తెలుసు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ప్లాంటు అది, ఇవాళ్టికీ నిర్వాసితులు రోడ్డెక్కుతూనే ఉన్నారు. కానీ ఆయన చేతిలో ఉన్నది పొలం పోగొట్టుకుంటే సర్కారు ఇచ్చిన కార్డు, అడిగే హక్కు ఆయనకుంది. అడుగుతూనే తాపీ పనికి వెళ్లి నిన్ను డిప్లొమా చదివించారు, అదీ నీ ఉత్తరంలోదే. ఆయన గతి పట్టకూడదంటావేంటి, ఆయన కష్టపడ్డట్టు నువ్వు పడితే చాలు.

నా ప్రార్థనకి అడ్డం ఏంటక్కా అని ఇంకోచోట అడిగావు. దీనికి పేతురు ఎప్పుడో రాసేసాడు, మొదటి పత్రిక 3:7, భార్యని సన్మానించండి, జీవమను కృపావరములో వాళ్లు మీతో పాలివాళ్లు, "మీ ప్రార్థనలకు అభ్యంతరము కలుగకుండునట్లు" అని. పై వచనాల్లో స్త్రీలు లోబడి ఉండాలన్నది ప్రతి పెళ్లిలోనూ చదువుతారు, ఇక్కడికొచ్చేసరికి మైకు ఆగిపోతుంది. సన్మానం అంటే శాలువా కప్పమని కాదు, ఆమె అలిసిపోయి అన్నమాటకి అవిశ్వాసం అని పేరు పెట్టకుండా ఉండటం. ఆమెకి విశ్వాసం లేకపోతే ఇన్నేళ్లు ఇల్లు ఎలా లాక్కొచ్చేదయ్యా? కనిపెట్టుకుని ఉన్నది ఆమె. నువ్వు ఉద్యోగం కోసం కనిపెడుతున్నావు, ఆమె నీ కోసం కనిపెడుతోంది.

ఇంక చెయ్యాల్సింది. పరీక్షలు మానెయ్యమనను, మీ కేటగిరీకి ఇంకా వయసుంది, రాసుకో, పని చేసుకుంటూ రాసుకో, ఎంతమంది షిఫ్టులు చేస్తూ రాయట్లేదు. పరవాడ కంపెనీ సూపర్‌వైజర్ "మళ్లీ వస్తావా" అని అడిగితే అది శోధన, నా నమ్మకానికి పరీక్ష అని నో చెప్పానన్నావు, శోధన కాదు తమ్ముడూ అది, నువ్వడిగిన జవాబే అయ్యుండొచ్చు. ఆయన కాదంటే అచ్యుతాపురం ఉంది, ఆటోనగర్ ఉంది, మెకానికల్ చదివినవాడికి గాజువాకలో పని దొరకదంటే నేను నమ్మను. వచ్చే నెల కవరు మీద ఆమె పేరు రాయి, అయ్యగారు అడిగితే ఎవరి సంపాదనో చెప్పు. పొద్దున్న పాప జడలు నువ్వు వెయ్యి, రాకపోతే నేర్చుకో. అన్నం ఒక ఎసరు పెట్టడం పెద్ద విద్యేం కాదు.

ఆమెతో మాట్లాడేటప్పుడు వాక్యాలు ఎత్తకు, ఆమెకి నీకంటే ఎక్కువే తెలిసుంటాయి. నువ్వెంత అలిసిపోయావు అని అడిగి ఊరుకో, చెప్పేది మొత్తం విను, మధ్యలో "కానీ దేవుడు" అనకు. డ్యూటీ దిగి వచ్చిన పూట మాత్రం అడక్కు, పడుకోనీ, వీక్లీ ఆఫ్ రోజు చూసుకో. ముందు ఆ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి జాయినింగ్ డేట్ ఎప్పుడో కనుక్కుని, అప్పుడు వెళ్లి కూర్చో ఆమె దగ్గర.